వెనక్కి వాలే బ్యాటరీ కుర్చీ: ధర కన్నా ముందు అడగాల్సినవి

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లను చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. కుర్చీ తయారుచేసే కంపెనీల లెక్కలో ఉండే ఒళ్లు వేరు, ఇక్కడి ఒళ్లు వేరు. వెన్నుపూస కొయ్యబారి ఉంటుంది. మెడ పక్కకు తిరగదు. మోకాళ్లు, మోచేతులు ఒంగిన చోటే బిగుసుకుపోతాయి. శివన్నగూడెంకు చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామిని ఉద్యమకారుడు దుశర్ల సత్యనారాయణ 2003లో ప్రధాని వాజ్‌పేయి ముందుకు తీసుకెళ్లినప్పుడు దేశం చూసింది అలాంటి ఒళ్లునే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగిన ఫలితం అది. ఇప్పుడు కృష్ణా నీళ్లు ఇంటికి వస్తున్నా, ఒకసారి గట్టిపడిన ఎముక మళ్లీ మెత్తబడదు. వాళ్లకు కుర్చీ అవసరం తీరలేదు.

పాలమూరుది ఇంకో కథ. కట్టడం పనులకు వలసపోయి, పైనుంచి పడి వెన్ను దెబ్బతిన్న మనిషికి అసలు చిక్కు ఎముకలు బిగుసుకోవడం కాదు, నడుము కింద స్పర్శ లేకపోవడం. ఈ ఇద్దరికీ దుకాణంలో ఒకే కుర్చీ చూపిస్తారు: "బటన్ నొక్కితే పడుకోవచ్చు." ఇద్దరికీ ఒకే కుర్చీ సరిపోదు. ఎందుకో కొంచెం ఓపికగా చూద్దాం.

కుర్చీ వెనక్కి వాలడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో సీటు కదలదు, వీపు భాగం మాత్రమే వాలుతుంది. దీన్ని రిక్లైన్ అంటారు. రెండోదాంట్లో సీటు, వీపు ఉన్న కోణంలోనే ఉండి, రెండూ కలిసి మొత్తంగా వెనక్కి ఒరుగుతాయి. ఇది టిల్ట్. ఊగే కుర్చీలో వెనక్కి ఒరిగినట్టే ఇందులోనూ నడుము, తొడల మధ్య కోణం మారదు. బరువు మాత్రం పిరుదుల మీదినుంచి వీపు మీదికి మారుతుంది.

రిక్లైన్‌లో తుంటి విచ్చుకోవాలి. తుంటి కీలు బిగిసిన మనిషికి అది విచ్చుకోదు. వీపు భాగం వాలుతుంటే మనిషి ముందుకు జారతాడు, లేదా వీపుకూ కుర్చీకీ మధ్య సందు ఏర్పడి మెడ మీద భారం పడుతుంది. అందుకే ఫ్లోరోసిస్‌తో వెన్ను, తుంటి బిగుసుకున్నవాళ్లకు చాలావరకు టిల్ట్ ఉన్నదే మేలు. స్పర్శ లేనివాళ్లకు రిక్లైన్‌తో ఉన్న చిక్కు వేరు. వీపు భాగం కిందికీ పైకీ కదిలిన ప్రతిసారీ చర్మం కుర్చీకి అంటుకుని ఉంటుంది, లోపలి కండ మాత్రం జరుగుతుంది. ఆ ఒరిపిడికి నడుము కింది భాగంలో పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ముదిరేదాకా ఎవరికీ తెలియదు. వీళ్లకు రెండూ ఉన్న కుర్చీ మంచిది: ముందు టిల్ట్, తర్వాత రిక్లైన్, లేచేటప్పుడు ముందు వీపు నిలబెట్టి, ఆఖరున టిల్ట్ దించాలి. కింద వేసే మెత్త కూడా కుర్చీ అంత ముఖ్యమైనదే. కుర్చీతో వచ్చే మామూలు స్పాంజి ముక్కతో సరిపెట్టుకోవద్దు.

తుంటి ఎంతవరకు ఒంగుతుంది, ఎంతవరకు విచ్చుకుంటుంది అన్నది మంచం మీద పడుకోబెట్టి ఫిజియోథెరపిస్ట్ కొద్ది నిమిషాల్లో చూసి చెప్పగలరు. ఏ కుర్చీ అయినా ఈ పరీక్ష తర్వాతే. సీటు వెడల్పు పిరుదుల కన్నా కొంచెమే ఎక్కువ ఉండాలి. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు వేళ్లు పట్టే ఖాళీ చాలు. మోచేయి చాపలేని మనిషికి కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ చెయ్యి ఆగిన చోటికే రావాలి. మెడ తిరగని మనిషి వెనక్కి నడిపితే అరుగు మీదినుంచి పడే ప్రమాదం ఉంది. చిన్న అద్దం బిగించమని అడగండి. ఈ మాట దుకాణంవాళ్లు తమంతట తాము చెప్పరు.

ఇక ఇల్లు. గడప ఎత్తు, ద్వారబంధం వెడల్పు కొలిచి కాగితం మీద రాసుకోండి. కుర్చీ వాల్చినప్పుడు ఎంత పొడవు అవుతుందో అడగండి, గదిలో పట్టాలి కదా. వాకిట్లో ర్యాంపు కట్టిస్తే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. నిటారుగా కట్టిన ర్యాంపు మీద మంచి కుర్చీ కూడా వెనక్కి తిరగబడుతుంది. వాలు మీద ఉండగా కుర్చీని ఎప్పుడూ వాల్చకూడదు. వెనక తిరగబడకుండా ఆపే చిన్న చక్రాలు తప్పనిసరి. మోటారును విడదీసి చేత్తో తోసే లివర్ ఉంటుంది. అది వేసి ఉంటే చాలా కుర్చీల్లో మోటారు బ్రేకు పనిచేయదని ఇంట్లో అందరికీ తెలియాలి.

మన ఊళ్లలో సర్కారు తుమ్మ ముళ్లకు గాలి టైర్లు నిలవవు. గట్టి రబ్బరు టైర్లు కుదుపిస్తాయి కానీ దారిలో ఆగిపోవు. నా ఓటు వాటికే. ముందు చక్రాలు మరీ చిన్నవైతే చెలక మట్టిలో దిగబడతాయి. ఒక్క చార్జింగ్‌తో ఇరవై కిలోమీటర్లు అని కంపెనీ అంటే అది చదును నేల మీద, కొత్త బ్యాటరీతో. మన దారుల్లో సగం అనుకుని ప్రయాణం పెట్టుకోండి. వేడి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది, మన ఎండాకాలం సంగతి తెలిసిందే. బండిని రేకుల కింద ఉంచకండి, బ్యాటరీ ఖాళీగా వదలకండి. లిథియం బ్యాటరీ ధర ఎక్కువే గానీ తేలిక, ఎక్కువకాలం మన్నుతుంది.

కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకం కింద కాన్పూర్‌లోని అలింకో సంస్థ బ్యాటరీ ట్రైసైకిళ్లు ఇస్తుంది. అయితే దాన్ని నిటారుగా కూర్చుని, హ్యాండిల్ పట్టి నడపాలి. వాలే కుర్చీ అవసరమైనవాళ్లకు అది బదులు కాదు. అయినా సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు సిద్ధంగా ఉంచుకోండి. ఏ సహాయం అడగాలన్నా మొదట చూసేవి అవే.

కొనేటప్పుడు గట్టిగా అడగాల్సింది మరమ్మతు గురించి. జాయ్‌స్టిక్ పాడైతే దేవరకొండకో అచ్చంపేటకో ఎవరొస్తారు, ఎన్నాళ్లలో వస్తారు, విడిభాగం దేశంలో ఉందా, బయటినుంచి రావాలా? ఈ జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. కుర్చీని మీ ఇంటికి తెచ్చి, మీ మనిషిని అందులో కనీసం ఓ గంట కూర్చోబెట్టి, దింపాక ఒంటి మీద ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి.