పద్మనాభ యుద్ధము

బొబ్బిలి కథ వినని తెలుగు బాలుడు అరుదు. తాండ్ర పాపారాయని పేరు జంగముల పాటలలోను, బుఱ్ఱకథలలోను, నాటకములలోను, తుదకు చలనచిత్రములోను మారుమ్రోగినది. కాని ఆ యుద్ధము జరిగిన ముప్పదియేడేండ్లకు అదే సీమలో మఱియొక యుద్ధము జరిగెను. దానిని గూర్చి అడిగినచో పెద్దతరగతుల విద్యార్థులు సైతము తెల్లబోవుదురు. అదియే పద్మనాభ యుద్ధము.

విజయనగరమునకును భీమునిపట్నమునకును నడుమ, గోస్తనీ నదీ ప్రాంతమున పద్మనాభమను గ్రామము కలదు. కొండపై అనంతపద్మనాభస్వామి, దిగువ కుంతీమాధవస్వామి వెలసియున్నారు. 1794 జూలై 10వ తేదీన ఆ కొండ చెంతనే విజయనగర ప్రభువు పూసపాటి చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యముతో పోరాడి నేలకొరిగెను. పోరు సాగినది ముప్పావుగంట మాత్రమే. ఆ ముప్పావుగంటలో ఉత్తర సర్కారుల భవిష్యత్తు నిర్ణయమైపోయెను.

పిలిచి తెచ్చుకొన్న బలము

ఈ కథకు మొదలు బొబ్బిలిలోనే కలదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో పెద విజయరామరాజు బొబ్బిలి కోటను కూల్చెను. విజయము దక్కినది గాని అనుభవించు యోగము ఆయనకు లేకపోయెను. కొలది దినములలోనే పాపారాయడు రాత్రివేళ ఆయన గుడారములో ప్రవేశించి ఆయనను పొడిచి చంపెను. తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజునకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఆయన విశాఖపట్నమును వారినుండి తీసికొని ఇంగ్లీషువారికి అప్పగింపజూపి, వారి సహాయమును కోరెను. బెంగాలునుండి క్లైవు కర్నల్ ఫోర్డును పంపెను. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్నపు కోటయు ఇంగ్లీషువారి వశమయ్యెను.

ఒక యూరపు జాతిని వెడలగొట్టుటకు మఱియొక యూరపు జాతిని పిలిచినవాడు స్థానిక ప్రభువే యనుట గమనింపదగినది. పిలిచినవాడు మశూచి సోకి త్వరలోనే మరణించెను. వచ్చినవారు మాత్రము నిలిచిపోయిరి. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వలనను, 1766లో నిజాముతో జరిగిన ఒడంబడిక వలనను ఉత్తర సర్కారులు కంపెనీకి సంక్రమించెను. మిత్రుడుగా వచ్చిన వర్తకుడు అంతటితో ప్రభువాయెను. ఏటేట జమీందారు చెల్లింపవలసిన కప్పమునకు పేష్కషు అని పేరు. విజయనగర సంస్థానము మెడకు అది ఉచ్చుగా పరిణమించుటకు మూడు దశాబ్దములు పట్టెను.

అన్నదమ్ముల చాటున

ఆనంద గజపతికి సంతానము లేదు. దత్తత తీసికొనబడిన చిన విజయరామరాజు అప్పటికి బాలుడు. అధికారమంతయు ఆయన సవతియన్న సీతారామరాజు చేతిలో నుండెను. దివాను సీతారామరాజు సమర్థుడు, మహత్త్వాకాంక్ష గలవాడు. ఇరుగు పొరుగు సంస్థానములను, మన్నెపు జమీందారులను ఆయన అణచివేసెను. రాజు మృదుస్వభావుడు, అన్న మాట మీఱలేనివాడు. వీరి నడుమ కలతలు పొడసూపినప్పుడెల్ల మధ్యవర్తిత్వమునకు మద్రాసు దొరలు సిద్ధముగా నుండెడివారు. 1778లో గవర్నరు సర్ తామస్ రంబోల్డు సీతారామరాజు పక్షము వహించి, ఆయననే మరల దివానుగా నిలిపెను. అటుపిమ్మట రంబోల్డు వ్యవహారములపై లండనులోని పార్లమెంటు విచారణ జరిపినప్పుడు ఈ సంగతి కూడ చర్చకు వచ్చెను.

1784లో కంపెనీవారి సర్క్యూటు కమిటీ ఈ ప్రాంతపు స్థితిగతులను విచారించి, విజయనగరపు సైన్యము కంపెనీ ప్రభుత్వమునకే ప్రమాదకరముగా నున్నదని తలచెను. నాటినుండి రెండు కోరికలు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండెను: సైన్యమును తగ్గింపుడు, పేష్కషు బకాయిలు చెల్లింపుడు. ఇంతలో 1790 మొదలు 1792 వఱకు ఉత్తర సర్కారులలో ఘోరక్షామము తాండవించెను. పండని పొలమునుండి శిస్తు రాదు. శిస్తు రాని సంస్థానమునుండి పేష్కషు రాదు. కంపెనీ లెక్కల పుస్తకమున మాత్రము బకాయి పెరుగుచునే యుండెను.

1793లో సీతారామరాజును మద్రాసునకు పిలిపించిరి. అదే సంవత్సరమున కంపెనీ దళములు విజయనగరపు కోటను ఆక్రమించుకొనెను, సంస్థానము జప్తయ్యెను. నెలకు పండ్రెండువందల రూపాయల భరణము పుచ్చుకొని మచిలీపట్నమునకు పోయి నివసింపవలసినదని మఱుసటి యేడు రాజునకు ఉత్తరువైనది.

కదలని రాజు

రాజు విజయనగరమును విడిచెను గాని మచిలీపట్నము చేరలేదు. పద్మనాభమున ఆగిపోయెను. ఆయన చుట్టును సుమారు నాలుగువేలమంది అనుచరులు గుమిగూడిరి. వారిలో రాజబంధువులైన క్షత్రియులు అనేకులు.

జీవితమంతయు పరుల ఆజ్ఞకు తలయొగ్గినవాడు ఈ ఒక్క ఆజ్ఞకు ఏల తలయొగ్గలేదు? భరణము పుచ్చుకొని పోవుట ఆయన ఒక్కని బ్రతుకునకు చాలును. కాని ఆయనను నమ్మి, సంస్థానపు భూములపై ఆధారపడి, కత్తిపట్టి బ్రతుకుచున్న వందలాది కుటుంబములకు అది చాలదు. ప్రభువు లేనిచో వారికి భూమియు లేదు, వృత్తియు లేదు. అధికారము చేతనున్నంత కాలము మెత్తనివాడనిపించుకొన్న రాజు, అది పోయిన తరువాత మాత్రమే కఠినుడయ్యెను.

కర్నల్ ప్రెండర్‌గాస్టు నాయకత్వమున కంపెనీ సేన జూలై 10న పద్మనాభముపై దాడి సలిపెను. ఒకవైపు కవాతు నేర్చిన సిపాయిలు, వరుస తప్పని తుపాకులు. మఱియొకవైపు కత్తులు, బల్లెములు, వంశాభిమానము. రాజభటులు తుపాకిగుండ్ల కెదురేగి చేయీచేయీ కలిపి పోరిరి. ముప్పావుగంటలో అంతయు ముగిసెను. రాజు శవము చుట్టును సంస్థానపు ముఖ్యులైన క్షత్రియుల శవములు నలుబది, వలయాకారమున పడియుండెను. విజేతల వ్రాతలవలననే లోకమునకు ఈ దృశ్యము తెలియవచ్చినది. 1869లో కార్మైకేలు కూర్చిన జిల్లా మాన్యువలు, 1907లో ఫ్రాన్సిసు వ్రాసిన గెజెటీరు ఈ చరిత్రకు ముఖ్యాధారములు.

బ్రిటిషు చరిత్రలో దీనికి పోలిక లేకపోలేదు. 1746 ఏప్రిలు 16న స్కాట్లండులోని కలోడెను మైదానమున కొండజాతుల వీరులు కత్తులు దూసి ప్రభుత్వ సేనలపై ఉఱికిరి. అక్కడను పోరు గంటయైనను సాగలేదు. తరువాత ఆయుధములు ధరించుటను చట్టము నిషేధించెను. కులనాయకులకు వంశక్రమమున సంక్రమించిన న్యాయాధికారములను రద్దుచేసెను. స్వంత సైన్యము గల నాయకుని కేంద్రప్రభుత్వము ఓర్వజాలదను సూత్రము అక్కడను, ఇక్కడను ఒక్కటే.

ఓటమి తరువాత

కంపెనీ గెలిచినది గాని దేశము వెంటనే లొంగలేదు. రాజకుమారుడైన నారాయణబాబు పసివాడు. అతనిని మన్నెపు ప్రాంతములకు తరలించిరి. ఒకప్పుడు విజయనగరముచే పీడింపబడిన కొండ జమీందారులే ఆ బాలుని పక్షమున నిలిచిరి. అలజడి ముదురుట చూచి, లార్డు హోబర్టు గవర్నరుగా నున్న కాలమున కంపెనీ రాజీకి వచ్చి నారాయణబాబునకు సంస్థానమును తిరిగి ఇచ్చెను. కాని ఇచ్చినది పూర్వపు సంస్థానము కాదు. కొండ జమీందారులను విడదీసి వారితో కంపెనీ నేరుగా ఒడంబడికలు చేసికొనెను. 1802లో శాశ్వత పైసలా జరిగినప్పుడు విజయనగరమునకు మిగిలినవి 24 పరగణాలు, 1157 గ్రామములు. పేష్కషు అయిదు లక్షల రూపాయలు.

ఈ విభజనలో విధి చేసిన చమత్కారము ఒకటి కలదు. బొబ్బిలి కోట దగ్ధమైన నాడు ప్రాణములతో బయటపడిన పసిబాలుడు చిన రంగారావునకు కంపెనీ బొబ్బిలి సంస్థానమును తిరిగి ఇచ్చినదియు 1794లోనే. ఫ్రెంచి ఫిరంగులు తెచ్చి పొరుగువానిని కూల్చిన వంశము కంపెనీ తుపాకులకు కూలిన యేడే, ఆ పొరుగు వంశము అదే కంపెనీ చేతిమీదుగా లేచెను. పరుల బలము ఎవ్వరికిని శాశ్వత మిత్రము కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కఱలేదు.

పితూరీలును ఇంతటితో సమసిపోలేదు. 1832-33 ప్రాంతమున పాలకొండ, పర్లాకిమిడి సీమలు కల్లోలితములు కాగా జార్జి రస్సెలు ప్రత్యేకాధికారిగా వచ్చెను. దాని ఫలితముగా 1839లో మన్నెపు ప్రాంతములకు వేఱుగా ఏజెన్సీ చట్టము ఏర్పడెను.

పాట కాని కథ

ఇంతటి సంఘటన బొబ్బిలివలె జనుల నోట ఏల నిలువలేదు? బొబ్బిలి కథలో కోట కలదు, అగ్నిప్రవేశము కలదు, పగ కలదు, పగ తీర్చుకొన్న వీరుడు కలడు. శత్రువు ముఖము స్పష్టముగా కనబడును. పద్మనాభములోని శత్రువు బకాయి చిట్టా; అతని ఆయుధము ఉత్తరువు. చిట్టాను గూర్చి పాట కట్టుట కష్టము. అయినను నూఱేండ్లకు మించి దేశమునేలినది ఆ చిట్టాయే. అందువలన ఈ రెండు యుద్ధములను తరగతిగదిలో జంటగా బోధించుట మేలు. మొదటిది తెలుగువారి శౌర్యమును, అనైక్యమును చూపును. రెండవది ఆ అనైక్యమునకు చెల్లించిన మూల్యమును చూపును.

విజయరామరాజును స్వాతంత్ర్యయోధుడని పొగడుట తొందరపాటగును. ఆయన వంశము కంపెనీకి చిరకాలము మిత్రమే. ఆ మైత్రివలన లాభించినదియు నిజమే. కాని సుఖముగా బ్రతుకు దారి తెఱచియుండగా, తనను నమ్మినవారిని విడిచి ఆ దారిని పోకుండుట సామాన్యము కాదు.

బొబ్బిలి, విజయనగరము, పద్మనాభము, భీమునిపట్నము – ఇవి యన్నియు ఒక్క దినమున చూచి రాదగిన చోట్లు. ఉపాధ్యాయుడు పిల్లలను తీసికొనిపోయినచో గోస్తని దాపున ఉన్న పాండ్రంగిని కూడ చూపవలెను. పద్మనాభ యుద్ధము జరిగిన 103 సంవత్సరములకు, 1897లో, అల్లూరి సీతారామరాజు జన్మించినది ఆ గ్రామమందే.