పెరుగు లేకుండానే కడుపు నిండింది!

“నాకు పెరుగొద్దమ్మా!”

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి అన్న మాట ఇది. జలుబు చేసిందేమో అనుకున్నాను. సాయంత్రం టీ కూడా వద్దంది. మర్నాడు నెయ్యి వేయబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు నిలదీశాను. “దూడ తాగాల్సిన పాలు మనం తాగుతున్నామని అనిపిస్తోందమ్మా. ఇక తాగలేను” అంది.

అంతకు ఏడాది ముందే అది మాంసం మానేసింది. అప్పుడు ఇంట్లో ఎవరమూ కంగారు పడలేదు. మాంసం మానేసినవాళ్లు మన బంధువుల్లో ఎందరు లేరు? కానీ పాలు, పెరుగు మానడమేమిటి? పాతబస్తీలో లాల్‌దర్వాజా పక్క గల్లీలో మా కాపురం. నేను పుట్టింది మాత్రం నల్గొండ పల్లెలో, పాడి ఉన్న ఇంట్లో. మా అమ్మ బర్రె పాలు అమ్మి నన్ను పదో తరగతి దాకా చదివించింది. అలాంటిది, నా బిడ్డ పాలు వద్దంటే మా అమ్మనే తప్పు పట్టినట్టనిపించింది. మా అత్తమ్మయితే “గిదేంది బిడ్డా, పెరుగు లేకుంట తింటే కడుపు నిండుతదా?” అని బుగ్గలు నొక్కుకుంది.

దీన్ని ‘వీగన్’ పద్ధతి అంటారట. మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి ఈ పేరు పెట్టారు. మన దేశంలో కూడా 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. ఇదంతా మా అమ్మాయే చెప్పింది. నేను మాత్రం ‘ఇంగ్లండు వాళ్ల మాట మన వంటింట్లో ఎందుకు?’ అనుకుంటూ ఏడాది పాటు మొహం ముడుచుకునే వడ్డించాను. దానికి విడిగా ఏమీ వండేదాన్ని కాదు. ఉన్నదాంట్లో నెయ్యి, పెరుగు తీసేస్తే మిగిలింది అది తినేది. చాలా పూటలు అన్నం, పచ్చడి, అంతే.

ఆ తిమ్మిరి ఎందుకొచ్చింది?

ఏడాది దాటాక అమ్మాయికి అరికాళ్లు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్త పరీక్ష చేయిస్తే బి12 విటమిన్ బాగా తక్కువుందని తేలింది. “నేను చెప్పలేదూ?” అని డాక్టరు గారి ముందే అనేశాను. ఆయన నన్ను కూర్చోమని నెమ్మదిగా చెప్పారు. బి12 మొక్కల నుంచి వచ్చే ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. మాంసం, గుడ్లు, పాలలో ఉంటుంది. అన్నీ మానేసినవాళ్లు దాన్ని మాత్రగానో, బి12 కలిపిన ఆహారంగానో తప్పనిసరిగా తీసుకోవాలి. పట్టించుకోకుండా వదిలేస్తే నరాలు దెబ్బతింటాయి. అది తెలిసి చేస్తే పాలు మానినా ఆరోగ్యంగా ఉండవచ్చు. “అమ్మాయి పాలు మానడం తప్పు కాదమ్మా, మాత్ర వేసుకోకపోవడం తప్పు. ఇంతకీ ఇంట్లో ఏం వండి పెడుతున్నారు?” అనడిగారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తప్పంతా దానిదే అనుకుంటూ వెళ్లిన నేను తల వంచుకుని ఇంటికొచ్చాను.

పక్కింటి ఖాలా పాఠం

ఆ సాయంత్రం గోడవతల ఖాలాతో నా గోడు వెళ్లబోసుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా ఇరుగుపొరుగు మేము. రంజాన్‌కు వాళ్లింటి నుంచి మాకు గిన్నె వస్తుంది, సంక్రాంతికి మా ఇంటి నుంచి సకినాలు వెళ్తాయి. నేను చెప్పిందంతా విని ఆవిడ నవ్వింది. “బగారా బైంగన్ మే దూద్ కాయ్కు అమ్మా?” అంది.

నిజమే కదా! పెళ్లిళ్లలో లొట్టలేసుకుంటూ తినే బగారా బైంగన్‌లో పాలెక్కడివి? వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు పులుసు. ఆ చిక్కదనమంతా గింజలదే. మిర్చీకా సాలన్ కూడా అంతే. కొందరు అందులో పెరుగు కలుపుతారు గానీ, ఖాలా కలపదు. ఖట్టీ దాల్, వేయించిన సెనగపిండితో చిక్కబరిచే టమాటా కట్, చివరికి ఖుబానీకా మీఠా కూడా పాలు లేనివే. ఎండు ఖుబానీలు రాత్రి నానబెట్టి, చక్కెర వేసి ఉడికించి, గింజల్లోని పప్పు పైన చల్లితే సరి. మీగడ వేయకపోతే లోటేమీ ఉండదు. హైదరాబాద్ వంటంటే మాంసమే అనుకుంటారు గానీ, దాని పక్కన పెట్టే గిన్నెల్లో సగం మా అమ్మాయి తినగలిగినవే!

ఇక నా పుట్టింటి వంటలు గుర్తొచ్చాయి. సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు, జొన్నరొట్టె, నువ్వుల పొడి. సద్దుల బతుకమ్మనాడు చేసే అయిదు సద్దుల్లో పెరుగన్నం ఒక్కటే పాలది. చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దుల్లో చుక్క పాలుండవు. పెట్టెల్లో వచ్చే ఖరీదైన బాదం పాలు కొనాల్సిన పని లేదు. మీరాలం మండీకి సంచీ పట్టుకెళ్తే చాలు.

బగారా బైంగన్ ఇలా...

అరకిలో లేత గుండ్రటి వంకాయలు తొడిమ తీయకుండా నాలుగు పక్షాలుగా చీరి, నూనెలో మగ్గించి పక్కన పెట్టాలి. మూడు చెంచాల పల్లీలు, రెండేసి చెంచాల నువ్వులు, ఎండుకొబ్బరి, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర విడివిడిగా వేయించి, ఎర్రగా వేగిన రెండు ఉల్లిగడ్డలతో కలిపి మెత్తగా నూరుకోవాలి. నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతి గింజలు, కరివేపాకు వేసి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, నూరిన ముద్ద వేయాలి. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, కాస్త నీళ్లు పోసి వంకాయలు వేసి సన్నని సెగ మీద నూనె పైకి తేలేదాకా ఉంచాలి. మర్నాటికి ఇంకా రుచి!

బలం సంగతి?

పాలు లేకపోతే ఎముకలకు బలమెలా అన్నది నా రెండో బెంగ. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక ప్రచురించింది. దాని ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు. ఆవుపాలలో సుమారు 120. నువ్వుల్లో వెయ్యికి పైనే. అలాగని సంబరపడిపోకూడదు. నువ్వులు ఎవరమైనా రెండు చెంచాలకు మించి తినం. పైగా గింజల్లోని కాల్షియం అంతా ఒంటబట్టదు. అందుకే ఒక్కదాన్నే నమ్ముకోకుండా రాగిజావ, నువ్వుల పొడి, మునగాకు, తోటకూర మార్చి మార్చి వండుతున్నాను. మాంసకృత్తుల కోసం పప్పు, సెనగలు, అలసందలు, సోయా. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. బి12 మాత్ర మాత్రం డాక్టరు చెప్పిన ప్రకారం వేసుకోవాల్సిందే. ఇందులో మినహాయింపు లేదు.

పెరుగు కోసం పల్లీలతో ప్రయత్నించాను. రాత్రంతా నానబెట్టిన కప్పు పల్లీలు రుబ్బి, మూడు కప్పుల నీళ్లతో పాలు తీసి, అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు అయిదారు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూతపెట్టాను. మొదటిసారి విరిగిపోయి వాసనొచ్చింది, పారబోశాను. రెండోసారి పలచగా తోడుకుంది. దాన్నే తోడుగా వేస్తే మూడోసారి గట్టిగా కుదిరింది. గడ్డపెరుగు రుచి వచ్చిందని అబద్ధం చెప్పను. ఆవాలు, అల్లం, కరివేపాకు పోపు పెట్టి అన్నంలో కలిపితే మాత్రం ముద్ద దిగుతుంది.

బోనం నాడు

అసలు పరీక్ష నిరుడు ఆషాఢంలో వచ్చింది. మా లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి అమ్మవారికి బోనం వండాలి. మా ఇంట్లో బోనమంటే కొత్త కుండలో బియ్యం, పాలు, బెల్లం. అమ్మాయి దాన్ని నెత్తిన ఎత్తుకుంటుందా? ప్రసాదం తింటుందా? అడగడానికి నోరు రాలేదు. చివరికి మా అత్తమ్మే తేల్చేసింది. “పాలు దొర్కని ఏడు మా అమ్మ ఉత్త బెల్లం బువ్వే వండింది. అమ్మవారు వద్దన్నదా?” అంది.

అయినా ఏళ్ల తరబడి వస్తున్న బోనాన్ని మార్చడానికి నా మనసొప్పలేదు. అమ్మవారికి ఎప్పటిలాగే వండాను. పక్కనే చిన్న గురిగిలో కొబ్బరిపాలతో బెల్లం బువ్వ వండి, ముందు అమ్మవారికి చూపించాను. పసుపు, కుంకుమ, వేపాకు కట్టి పైన దీపం పెట్టిన పెద్ద కుండను మా అమ్మాయే నెత్తిన పెట్టుకుని గుడిదాకా నడిచింది. ఇంటికొచ్చాక గురిగి ముందేసుకుని తిన్నది. నేనూ ఒక ముద్ద తిన్నాను.

నేను పాలు మానలేదు. పొద్దున్నే టీ పడందే నాకు తెల్లవారదు. మా ఆయనకు ఆదివారం మాంసం ఉండాల్సిందే. కానీ ఆదివారాలు ఇప్పుడు మా పొయ్యి మీద బగారా బైంగన్ కూడా ఉడుకుతుంది. మొదట ఖాళీ అయ్యే గిన్నె అదే. అమ్మాయికి తిమ్మిర్లు తగ్గాయి, మెట్లు చకచకా ఎక్కుతోంది. మీ ఇంట్లో పిల్లలు రేపు ‘నాకు పెరుగొద్దు’ అంటే నాలా ఏడాది పాటు అలగకండి. ముందు బి12 సంగతి డాక్టరును అడగండి. ఆ తర్వాత మీ అమ్మ వండిన వంటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకోండి. వాళ్లు తినగలిగినవి మీరనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.