ఉదయకాలపు నిలుకడ వానలు – మన మురుగుకాలువలు

కోనసీమ రైతునకు వఱద యనగానే గోదావరి స్ఫురించును. ఆ వఱద దూరమునుండి చెప్పి వచ్చును. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగా మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు వెలువడును. ఆ నీరు ధవళేశ్వరము దాటి మన లంకలను చేరులోపల పశువులను తరలించుకొనుటకు వ్యవధి యుండును. కాని మన యూరిమీదనే పుట్టి, కదలక నిలిచి కురియు ఉఱుముల వానకు అట్టి వ్యవధి లేదు. దానిని గూర్చి సభ్యులకు మనవి చేయదలచితిమి.

రాత్రివేళ నేల త్వరగా చల్లబడును. సముద్రము వెచ్చగనే యుండును. అందుచే గాలి నేలనుండి సముద్రమువైపు వీచును. తీరమునొద్ద అది తేమగాలితో కలియగా, ఆ తేమ పైకెగసి మేఘమగును. తీరప్రాంతమున తెల్లవాఱుజామున ఉఱుములతో వాన కురియుటకు ఇదియొక కారణము. పైగాలి బలముగ నున్నచో మేఘము సాగిపోవును. మందగించినచో నున్నచోటనే కురియును. ఒకటి కరగినచోటనే మఱియొకటి పుట్టుటయు కలదు. పది యూళ్లు పంచుకొనవలసిన వాన ఒక్క యూరిపై పడును.

ఇట్టి వాన లెక్కలలో సరిగా కనబడకపోవచ్చును. వర్షమాపకమును దినమునకొకమాఱు ఉదయము 8.30 గంటలకు చూతురు. ఆఱింటికి మొదలై పదకొండింటికి వెలసిన వాన రెండు దినముల పద్దులలో చీలిపోవును.

ఇక నీటి పరిమాణమును చూతము. వేయి యెకరముల ఆయకట్టుపై నాలుగంగుళముల వాన పడినదనుకొందము. నూఱు క్యూసెక్కులు పాఱు మురుగుకాలువ ఆ నీటినంతయు దింపుటకు సుమారు 40 గంటలు పట్టును. గుఱ్ఱపుడెక్కయు పూడికయు చేరి ఆ కాలువ సగమే పాఱినచో 80 గంటలు, అనగా మూడు దినములకు పైగా పట్టును. క్రొత్తగా ఊడ్చిన చేను అన్నినాళ్లు మునిగియున్న కుళ్లును, పూతనున్నది తాలుపోవును, కోసిన పనలు మొలకెత్తును. వాన ఒక్కటియే, నష్టమును నిర్ణయించునది కాలువ.

మన సీమ పళ్లెమువలె చదునైనది. కౌశిక మొదలగు మురుగుకాలువలకు వాలు స్వల్పము. సముద్రము పోటుమీద నున్నను, గోదావరి పాయలు నిండియున్నను, మొగలయొద్ద ఇసుక మేటవేసినను నీరు వెనుకకు తన్నును. 2011వ సంవత్సరమున కోనసీమ రైతులనేకులు సార్వాకు పంట విరామము ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతోపాటు మురుగు బాధయు వారి మొఱలలో నుండెను. 2024వ సంవత్సరము ఆగస్టు చివర విజయవాడలో అనేక పేటలను ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. చిన్న ప్రవాహమును తేలికగా చూడరాదని దీనివలన తెలియుచున్నది.

కావున సభ్యులు ఈ క్రింది పనులు చేయవలయునని మా సూచన.

మొదటిది, ఊడ్పులకు ముందే తమ పొలముగట్టు బోదెలను, తూములను శుభ్రపఱచుకొనవలెను. ఎగువ రైతు తవ్వి దిగువ రైతు మానినచో ఫలము లేదు. ఇది ఊరంతయు ఒక్కమాటపై చేయవలసిన పని.

రెండవది, ప్రతి గ్రామ సంఘమును ఒక వర్షమాపకమును ఉంచుకొని, వాన కురియునంతసేపు గంటగంటకు చూచి వ్రాయవలెను. మచిలీపట్నపు రాడారు ఆధారముగ వాతావరణశాఖ యిచ్చు స్వల్పకాలిక హెచ్చరికలను ఆ లెక్కతో కలిపి చూచినచో తూములెత్తుటకు సమయము చిక్కును.

మూడవది, పల్లపు చేలకు ముంపునోర్చు వంగడములను విచారించుకొనవలెను. మారుటేరున పుట్టిన స్వర్ణమునుండి తయారైన స్వర్ణ–సబ్1 సుమారు రెండు వారములు మునిగియుండియు కోలుకొనగలదు.

నాలుగవది, ఉఱుము వినబడగానే చేను విడిచి పక్కాయింటికి చేరవలెను. కొబ్బరిచెట్టు క్రింద నిలువరాదు. మునిగిన చేనునకు మరల నారు పోయవచ్చును. పిడుగుపడిన మనిషిని మరల తేలేము.

మేఘమును కదల్చుట మన వశము కాదు. కాలువ బాగుచేయుట మన చేతిలోని పని. అది వాన రాకమునుపే జరుగవలెను.