ఆచారి జేబులోని పుస్తకం

పొదిలిలో ముప్పై యేళ్ళు లెక్కల మేష్టరుగా పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి. అటువంటి నాకు మొన్న మా వడ్రంగి లెక్క నేర్పాడంటే మీరు నవ్వుతారు. నవ్వినా సరే, చెబుతాను.

వీధి గుమ్మానికి ద్వారబంధం కావలసివచ్చి, ఆచారిని వెంటబెట్టుకుని కలప అడితికి వెళ్ళాను. పది అడుగుల పొడవు, నలభై అంగుళాల చుట్టుకొలత వున్న టేకుదుంగ వొకటి నచ్చింది. గుమాస్తా కుర్రవాడు సెల్‌ఫోను మీద నాలుగు నొక్కులు నొక్కి, "8.84 ఘనపుటడుగులండీ!" అన్నాడు. వృత్తవైశాల్యాన్ని పొడవుతో గుణిస్తే అంతే వస్తుంది. "సరిగానే వుంది" అని నేను డబ్బు తీయబోయాను.

"ఆగండి పంతులుగారూ!" అన్నాడు ఆచారి. చొక్కాజేబులోంచి అరచేతిలో యిమిడే పుస్తకం తీశాడు. అట్ట వూడిపోతే దారంతో కుట్టుకున్నాడు. పుటల నిండా అంకెలే. రెడీ రెక్నర్! నలభై అంగుళాల వరుసమీద వేలు పెట్టి చూపాడు: 6.94.

దాదాపు రెండడుగుల తేడా! టేకు ధర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

"దుంగకు నాల్గోవంతు చుట్టు లెక్కనండీ. నలభైలో నాల్గోవంతు పది. పదిపదులు నూరు. దాన్ని నూట నలభై నాలుగుతో భాగించి, పదడుగుల పొడవుతో హెచ్చవేయండి" అన్నాడు ఆచారి.

అడితి యజమాని వచ్చి పుస్తకం చూసి, "మా రేటు ఆ కొలతకేనండీ, కుర్రవాడు కొత్త" అని ఒప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి, మనవడి మార్కాపురం పలక పుచ్చుకుని కూర్చున్నాను. తీరా చూస్తే రెండు లెక్కలూ తప్పు కావు! దుంగలో నూరుపాళ్ళ కర్ర వున్నదనుకోండి. దాన్ని నలుచదరంగా వొకే దూలం కోస్తే చేతికి వచ్చేది 64 పాళ్ళకు మించదు. తక్కినదంతా పక్కచెక్కలూ, రంపపుపొట్టూను. నాల్గోవంతు కొలత 78న్నర పాళ్ళకు వెల కడుతుంది. అంటే తరుగులో కొంత అమ్మేవాడిదీ, కొంత కొనేవాడిదీ అన్నమాట. 1736లో ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లీషు ఆయన యీ కొలతకు పట్టికలు అచ్చువేయించాడు. నేటికీ దానికి ఆయన పేరే.

ఆచారి పుస్తకం చివర అణాల పట్టిక కూడా వున్నది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు అణాకు ఆరుంపావు నయాపైసలు రావాలి. పావు పైసకు నాణెం ఏదీ? అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని ఖాయం చేశారు. అదీ యిటువంటి రాజీయే.

ఫోను ఎంతటి లెక్కనైనా చేస్తుంది. బేరం ఏ కొలతకు కుదిరిందో మాత్రం దానికి తెలియదు. కనుక కలప కొనబోయేవారు రేటు ఎంత అని అడగడంతో సరిపెట్టుకోక, ఏ కొలతకు అని కూడా అడగండి.

ఆ పుస్తకం రెండురోజులు ఎరువివ్వమన్నాను ఆచారిని.

"రంపం అడగండి పంతులుగారూ, యిస్తాను" అన్నాడు.