వేడి నీళ్లకు సబ్సిడీ ఏ దారిలో వస్తుంది?

చలి దేశాల్లో ప్రభుత్వాలు ఇల్లు వెచ్చగా ఉంచే యంత్రాలకు సబ్సిడీలు ఇస్తాయి. విశాఖలో గదులు వెచ్చబెట్టుకోవాల్సిన పని లేదు. ఇక్కడి ఇళ్లలో వేడి కావలసింది స్నానం నీళ్లకే. ఆ పని చాలా చోట్ల గీజరే చేస్తోంది.

ఇంటి మీద పెట్టుకునే సోలార్ వాటర్ హీటర్‌కు కేంద్రం ఒకప్పుడు 30 శాతం సబ్సిడీ ఇచ్చేది. 2014లో అది ఆగిపోయింది. ఇప్పుడు సాయం సోలార్ కరెంటు దారిలో వస్తోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటిపై సోలార్ పలకలు పెట్టుకుంటే కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడో కిలోవాట్‌కు మరో 18 వేలు ఇస్తారు. మొత్తం 78 వేలు. ఐదు కిలోవాట్లు పెట్టినా అంతకు మించి రాదు.

ఈ సోలార్ కరెంటులో గీజర్ వాటా ఎంత? 20 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి దాదాపు అర యూనిట్ అవుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికో బకెట్ అనుకుంటే రోజుకు రెండు యూనిట్లు, నెలకు 60. ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. అంటే అందులో సగంతోనే ఇంటిల్లిపాది స్నానాలూ అయిపోతాయి. తెల్లవారుజామున ఎండ లేకపోయినా ఇబ్బంది లేదు. పగలు మిగిలి గ్రిడ్‌కు వెళ్లిన కరెంటును నెట్ మీటర్ లెక్కగట్టి, మనం వాడుకున్న దాంట్లోంచి తీసేస్తుంది.

లాభం బిల్లును బట్టి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 225 దాటాక రూ.8.75. సోలార్ వచ్చాక ముందు తగ్గేది పైస్లాబులోని ఖరీదైన యూనిట్లే. అందుకే నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. 80 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటికి చాలా ఏళ్లు పడుతుంది. సబ్సిడీ మొత్తాన్ని చూసి కాదు, ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని సైజు ఎంచుకోవాలి.

విశాఖలో మరికొన్ని జాగ్రత్తలు కావాలి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక ఫ్రేముకు మంచి గాల్వనైజ్డ్ ఇనుమే వాడించాలి. పోర్టు చుట్టుపక్కల డాబాల మీద పేరుకునే నల్లటి ధూళి పలకల మీదా పడుతుంది. తరచూ కడగకపోతే ఉత్పత్తి పడిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గాలి ఎంత బలంగా వీచిందో ఊరంతా చూసింది. పలకల బిగింపు ఆ గాలికి తట్టుకునేలా ఉండాలి. మరో సంగతి: బ్యాటరీ లేని సోలార్ గ్రిడ్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసే సిబ్బంది ప్రాణాల కోసమే ఈ ఏర్పాటు.

అపార్ట్‌మెంట్ల వారికీ దారి ఉంది. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు పెట్టే సోలార్‌కు నివాసుల సంఘం ద్వారా కిలోవాట్‌కు 18 వేలు వస్తాయి.

దరఖాస్తు పథకం పోర్టల్‌లోనే చేయాలి. కరెంటు సర్వీసు నంబరు ఇచ్చి, నమోదైన విక్రేతల్లో ఒకరిని ఎంచుకోవాలి. పలకలు బిగించి, నెట్ మీటర్ పెట్టి, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ తనిఖీ పూర్తయ్యాకే సబ్సిడీ నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ లోపు ఖర్చు మనదే, లేదా బ్యాంకు రుణం. కాబట్టి విక్రేతతో కాగితం మీద ఒప్పందం రాయించుకోండి. పలకల వారంటీ, ఫ్రేము రకం, తుపాను తర్వాత ఎవరొచ్చి చూస్తారన్నదీ అందులో ఉండాలి. ప్రజల పన్నుల డబ్బుతో వచ్చే ఈ సాయం ఇరవై ఏళ్లు పనికిరావాలంటే శ్రద్ధ పెట్టాల్సింది ఈ ఒప్పందం దగ్గరే.