కెన్యాకంటే ముందు మంజీర

"సెలవుల్లో ఇంటికి పోతున్నావా, కెన్యా పోతున్నావా?" అని హాస్టల్లో అందరూ అడిగారు. రెండూ. ఈ నెలాఖరుకి కెన్యాలో మచాకోస్ అనే ప్రాంతానికి, ఇసుక ఆనకట్ట కట్టే పనికి, నాలుగు వారాలు వెళ్ళే విద్యార్థుల్లో నేనూ ఉన్నాను. దానికి ముందు సెమిస్టర్ సెలవులు నాందేడ్‌లో మా ఇంట్లో గడిపాను. ఆ నెల రోజుల్లో ఏది ముందు చెయ్యాలి, ఏది వెనక అన్నది నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రేపు మీలో ఎవరికైనా ఇలాంటి అవకాశం వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తూ రాస్తూ మా అమ్మమ్మ దగ్గర ఆగిపోయాను, ఏమీ అనుకోకండి.

ముందు పాస్‌పోర్ట్. ఫారంలో ప్రస్తుత చిరునామా అడుగుతారు, పోలీసు విచారణ ఆ చిరునామాకే వస్తుంది. హాస్టల్ చిరునామా రాశామా, వాళ్ళు వచ్చేసరికి మనం సెలవులకు ఊళ్ళో ఉంటాం. అందుకని సెలవులు మొదలైన మొదటి రోజే నాందేడ్ చిరునామాతో పెట్టాను. మామూలు ఫీజు 1500 రూపాయలు. పోలీసాయన వచ్చి "ఒక్కదానివే పోతున్నావా?" అని మరాఠీలో నన్నడిగితే, "పదకొండు మంది పోతున్నారు" అని మా అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. అప్పటిదాకా వద్దంటున్నది కూడా అమ్మే.

పాస్‌పోర్ట్ చేతికొచ్చాక ఎల్లో ఫీవర్ టీకా. ఇది మలేరియాలాగా దోమకాటుతో వచ్చే జబ్బే, కానీ వైరస్ వల్ల వస్తుంది. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉంది, మన దేశంలో లేదు. లేకపోతే మనకెందుకు ఇంత భయం అంటే, దాన్ని మోసే దోమ మాత్రం మన దగ్గర పుష్కలంగా ఉంది. డెంగీ దోమే అది. జబ్బు ఒక్కసారి లోపలికొస్తే ఆ దోమలు ఊరంతా పంచిపెడతాయి. అందుకే కెన్యాలాంటి దేశాల నుంచి టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొచ్చిన వాళ్ళని ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ప్రయాణం ముందు రోజు పరిగెత్తితే లాభం లేదు. ఒక్క డోసు చాలు. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లుతుందని మార్చారు. నేను హైదరాబాద్ వచ్చాక నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాను. ఈ టీకాను కోడిగుడ్లలో తయారుచేస్తారు. గుడ్డు పడనివాళ్ళు డాక్టరుకి ముందే చెప్పాలి.

కాగితాల సంగతి ఇంతే. అసలు సంగతి ఇసుక ఆనకట్ట.

మచాకోస్‌లో వాగులు వానాకాలంలో పొంగి తర్వాత ఎండిపోతాయి. అలాంటి వాగుకి అడ్డంగా, కింద బండ తగిలేదాకా తవ్వి, దానిమీద గోడ లేపుతారు. వరదతోపాటు ఇసుకా, బురదా కొట్టుకొస్తాయి. బరువైన ఇసుక గోడ వెనక దిగిపోతుంది, సన్నటి బురద గోడమీంచి దాటిపోతుంది. ఒకటి నుంచి మూడు వానాకాలాల్లో గోడ ఎత్తుదాకా ఇసుక నిండుతుంది. మన కళ్ళకి అది పూడిపోయిన చెరువులా కనిపిస్తుంది. 1931లో పూర్తయిన మన నిజాంసాగర్ పూడికతోనే కదా అంత సామర్థ్యం పోగొట్టుకుంది. అక్కడ మాత్రం ఆ పూడికే గిడ్డంగి. ఇసుక రేణువుల మధ్య ఖాళీలుంటాయి, ఆ ఖాళీల్లో నీళ్ళు నిలుస్తాయి. మొత్తం ఇసుకలో పాతిక నుంచి నలభై వంతుల దాకా నీళ్ళే ఉండొచ్చట.

నమ్మకం కుదరక ఇంట్లో చేసి చూశాను. పది లీటర్ల బకెట్ నిండా ఎండు ఇసుక పోసి, చెంబుతో నీళ్ళు పోస్తూ పోయాను. మూడు లీటర్లు దాటాకగానీ నీళ్ళు పైకి తేలలేదు. మూడు రోజులు నాందేడ్ ఎండలో పెట్టినా లోపలి ఇసుక తడిగానే ఉంది. పక్కన పెట్టిన గిన్నెలో నీళ్ళు మాత్రం సగానికి పడిపోయాయి. ఇసుక కింది నీళ్ళకి ఎండ తగలదు, పశువులు తొక్కవు, దోమలు గుడ్లు పెట్టలేవు. పైగా ఇసుకే వడగడుతుంది. ఈ పని 1978లో అక్కడ జాషువా ముకుస్యా అనే ఆయన కొన్ని కుటుంబాలని కూడగట్టి మొదలుపెట్టాడు. రాళ్ళు మోసేదీ, ఇసుక ఎత్తేదీ ఊరివాళ్ళే. ఇలా కలిసి పనిచేసే గుంపుని వాళ్ళ కాంబా భాషలో ఎంవెత్యా అంటారు. మన పల్లెల్లో బదులు పనికి పోవడం లాంటిదే.

ప్రతి వాగుకీ ఇది పనికిరాదు. కింద బండ ఉండాలి, వచ్చే ఇసుక గరుకుగా ఉండాలి. లేకపోతే బురద నిండి గోడ వృథా అవుతుంది.

ఇదంతా నేను అమ్మమ్మకి గొప్పగా చెప్పాను. ఆమెది బిలోలి తాలూకాలో మంజీర ఒడ్డు ఊరు. ఏరు దాటితే బోధన్ వైపు. 1956 దాకా రెండు ఒడ్లూ హైదరాబాద్ రాష్ట్రమే కాబట్టి వియ్యాలన్నీ అటూ ఇటూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. ఆమె వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా అంది:

"గదేం కొత్త బిడ్డా? మేం చెలిమె నీళ్ళు తాగినోళ్ళమే గదా."

మర్నాడు పొద్దున్నే ఏట్లోకి తీసుకుపోయింది. చెలిమె ఎలా తోడాలో చేతులతో చూపించింది. మోకాలిలోతు గుంట తియ్యాలి. మొదట ఊరిన మురికి నీళ్ళు పారబొయ్యాలి. కాసేపు ఊరుకుంటే తేట నీళ్ళు వస్తాయి. కొబ్బరిచిప్పతో బిందెలోకి తోడుకోవాలి. ఎండాకాలం అంతా ఊరు ఊరంతా అవే తాగేవాళ్ళట. ఒక్కో ఇంటికి ఒక్కో చెలిమె, కొట్లాటలు కూడా ఉండేవట.

చూపించింది గానీ నీళ్ళు రాలేదు. నడుములోతు తవ్వినా తడి లేదు. కొంచెం దూరంలో ఇసుక ఎత్తుకుపోయిన పెద్ద పెద్ద గుంతలు, అడుగున నల్లమట్టి, చుట్టూ లారీ టైర్ల జాడలు. మంజీర ఇసుక ఇళ్ళు కట్టడానికి ఊళ్ళు దాటి పోతోంది. మన హాస్టల్ గోడల్లో ఉన్నది ఏ ఏటి ఇసుకో నాకు తెలియదు, ఇంతకుముందు ఆ అనుమానమే రాలేదు. ఎగువన ఆనకట్టలు కూడా ఉన్నాయి, ఏరు ఎండడానికి అదీ ఒక కారణమే. కానీ ఇసుకే లేనప్పుడు వరద వచ్చినా నీళ్ళు దాచేది ఎక్కడ?

నాకైతే సిగ్గనిపించింది. సముద్రం దాటి పోయి ఇసుకని ఆపే గోడకి రాళ్ళు మోస్తాను, ఇక్కడ అమ్మమ్మ ఇంటి ముందునుంచి అదే ఇసుక వెళ్ళిపోతుంటే చూసి వచ్చాను. వెళ్ళడం మానేద్దామా అని కూడా ఒక రాత్రి అనుకున్నాను. అమ్మమ్మతో అంటే కోప్పడింది. "పో. పోయి అడుగు. ఆడికి లారీలు రావా? వస్తే ఎట్ల ఆపిండ్రు?"

లారీలు అక్కడికీ వస్తాయట. మచాకోస్ పక్కనే ఉన్న మకుయేని కౌంటీ 2015లో ఇసుకని కాపాడటానికి ప్రత్యేకంగా చట్టం చేసుకుందని చదివాను. అది కాగితం మీదే ఉందా, వాగులో కూడా ఉందా అన్నది అక్కడి ఆడవాళ్ళనే అడగాలి. అమ్మమ్మ ప్రశ్న నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. జవాబు దొరికితే ఆగస్టు గోడపత్రికలో ఇదే మూల అంటిస్తాను.