మీకు తెలుసా? బుద్ధుడు కనిపించని బుద్ధుడి కథలు

అమరావతి స్తూపం తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి రూపం కనిపించదు. చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు, అంతే. ఆ చెట్టు రావి, అంటే బోధివృక్షం. జ్ఞానోదయ ఘట్టాన్ని చెప్పడానికి అదే చాలు. చక్రం పక్కన లేళ్లుంటే సారనాథ్‌లో చేసిన మొదటి బోధ. సాంచి తూర్పు తోరణం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లే దృశ్యం ఇంకా గొప్పది: కంథకమనే గుర్రం వీపు మీద ఎవరూ ఉండరు, అయినా పైన గొడుగు పట్టే ఉంటారు!

ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత ఆయక స్తంభాలు. అమరావతి, నాగార్జునకొండల్లో నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిపారు. జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, మొదటి బోధ, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులని పండితులు చెబుతారు.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి ఫలకాన్ని తెలుగువాళ్లు తప్పక చూడాలి. దానిపై క్రీ.పూ. 1వ శతాబ్దంలో బోధివృక్షాన్ని, ఖాళీ ఆసనాన్ని చెక్కారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్ని చెక్కారు. అంతా శిథిలమైపోయిన అమరావతి మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి ఇప్పుడు మనకు పెద్ద ఆధారం ఇలాంటి ఫలకాలే.